పౌలు ఓడ పగిలిన చోట మా పడవ కదలనే లేదు

మాల్టాలో మేమున్న 5 రోజుల్లో నాలుగింటి గురించి చెప్పుకోవలసినంత ఇబ్బంది ఏమీ లేదు. ఇది రాయడానికి కారణం 5వ రోజు, ఒక పడవ యజమాని మా దగ్గర తీసుకుని తిరిగి ఇవ్వని 90 యూరోలు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయాన్ని గుంటూరులో సండే స్కూలు పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పిన మా నాన్నగారికి, శతాధిపతి యూలి కాపలాలో ఖైదీగా రోముకు వెళ్తున్న అపొస్తలుడు పౌలు ఓడ పగిలి 276 మంది ఈదుతూ, పలకలు పట్టుకుని తేలుతూ ఒడ్డెక్కిన చోటని చెప్పే సెయింట్ పాల్స్ బే అనే అఖాతాన్ని నీటి మీదనుంచే చూడాలని కోరిక. అందుకే మనిషికి 30 యూరోల చొప్పున ముగ్గురికి ముందురోజే చెల్లించాము. అప్పటికే ఈశాన్యపు గాలి లేచింది. మాల్టావారు గ్రిగాల్ అని పిలిచే ఈ గాలే పౌలు ఓడను తరిమిన, మన బైబిల్లోని ఊరకులోను అని చాలామంది చెబుతారు. ఆ అఖాతం ఈశాన్యానికే తెరుచుకుని ఉంటుంది కనుక అలలు నేరుగా లోపలికి వస్తాయని మాకంటే ఆ యజమానికే బాగా తెలుసు. అయినా "రేపటికి తగ్గిపోతుంది" అంటూ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

మర్నాడు ఉదయం 9 గంటలకు వెళ్తే, పడవ కట్టిన తాళ్ళు విప్పనైనా లేదు. డబ్బు వాపసు ఉండదనీ, మరో రోజుకు కూపన్ ఇస్తాననీ అన్నాడు. మా విమానం ఆ సాయంత్రమే అని చెప్పినా వినలేదు. నా భార్య అక్కడినుంచి మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్నగారు మాత్రం, "శతాధిపతియైన యూలి కూడా పౌలు మాట కాదని నావికుణ్ణీ ఓడ యజమానినీ నమ్మాడు, మనమెంత?" అన్నారు.

చివరికి 14 యూరోలిచ్చి టాక్సీలో సెల్మూన్ వైపు వెళ్ళి, కొండ అంచు దాకా మెల్లగా నడిచాము. ఎదురుగా పౌలు విగ్రహం నిలబెట్టిన చిన్న ద్వీపం, దానికీ నేలకూ మధ్య ఇరుకైన పాయ. ద్వీపాన్ని రెండు వైపులా చుట్టి వచ్చిన అలలు అక్కడ ఎదురెదురుగా ఢీకొని తెల్లగా లేస్తున్నాయి. గాలికి ఎగిరే పేజీని బొటనవేలితో అదిమిపట్టి, "రెండు ప్రవాహములు కలిసిన స్థలము" అన్న మాట మీద నాన్నగారు చూపుడువేలు ఆనించారు. పడవెక్కి ఉంటే ఇది ఇంత స్పష్టంగా కనబడేది కాదేమో గాని, ఆ మాట చెప్పి యజమానిని మన్నించే ఉద్దేశం నాకు లేదు.

పౌలు ఓడ పగిలిన జ్ఞాపకంగా ఫిబ్రవరి 10న మాల్టా రాజధాని వలెట్టాలో జరిగే పండుగను మాత్రం తప్పక చూడండి. ఖర్చు 2 యూరోల బస్సు టికెట్టే. పౌలు మణికట్టు ఎముకగా అక్కడి చర్చిలో భద్రపరచినదానికి లూథరన్ సంఘస్థులైన నాన్నగారు దండం పెట్టలేదు గాని, మన పఫ్‌ల లాంటి వేడివేడి బఠాణీ పస్తిజ్జీలు మూడు తిన్నారు. చలికాలంలో ఇక్కడ పడవకు ముందుగా డబ్బు కట్టకండి. అశ్వినీ చిహ్నముగల ఓడ దొరికేదాకా పౌలు ఈ ద్వీపంలో 3 నెలలు ఆగాడు. మాకు విమానం 7:40కి.