మొల్ల, నాగనిక, లోపాముద్ర: ఆడపిల్లకు అరుదైన పేరు పెట్టాలంటే ఏది మేలు?

లక్ష్మి అన్న పేరును ఎవరైనా లచ్మి అని పలికినా, ఫారంలో ఓ అక్షరం అటూ ఇటూ పడినా నష్టం లేదు. వినేవాళ్లు, చదివేవాళ్లు మనసులోనే సరిదిద్దుకుంటారు, ఆ పేరు అందరికీ తెలుసు కనక. అరుదైన పేరుకు ఆ అండ ఉండదు. ఎదుటివాళ్లు దాన్ని మొదటిసారి వింటున్నారు. చెవికి ఏది తాకితే అది రాస్తారు, కాగితం మీద ఏది ఉంటే అది పలుకుతారు. కాబట్టి అర్థం బాగుందా, ఎవరి పేరు అన్నవి చూసి ఊరుకుంటే చాలదు. ఒక్క అక్షరం జారితే ఆ పేరు ఏ మాటగా మారుతుందో కూడా చూసుకోవాలి. అరుదైన పేర్లు చాలావరకు దెబ్బతినేది అక్కడే.

ఈ కొలతతో మూడు పేర్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. మూడింటికీ గట్టి మూలం ఉంది, మూడూ తెలుగు ఇళ్లలో అరుదు. ఒకటి అచ్చతెలుగు, ఒకటి ప్రాకృతం, ఒకటి వేదకాలపు సంస్కృతం.

మొల్ల

మొల్ల మల్లె జాతి పువ్వు. సంస్కృతంలో కుందం అనేది దీన్నే. పాత కావ్యాల్లో అందమైన పలువరుసను దేనితోనైనా పోల్చాలంటే మొల్లమొగ్గలే ముందు గుర్తొచ్చేవి. మాట పుట్టుక ద్రావిడం: తమిళులు ముల్లై అంటారు, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె. అంటే ఈ పేరుకు అర్థం చెప్పడానికి సంస్కృత నిఘంటువు తెరవక్కర్లేదు. ఆడపిల్లల పేర్లలో ఇలాంటివి చాలా తక్కువ.

మనిషి పేరుగా చూస్తే ఆతుకూరి మొల్ల ఒక్కరే చాలు. కుమ్మరి ఇంట పుట్టి, తెలుగులో రామాయణం రాసిన కవయిత్రి. తండ్రి కేసన, ఊరు గోపవరం. ఆమెది 16వ శతాబ్దం అని ఎక్కువమంది పండితుల మాట. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది, పాఠ్యపుస్తకాల్లో పద్యాలు ఉన్నాయి. తెలుగు చదువుకున్నవాళ్లలో ఈ పేరు విననివాళ్లు ఉండరు. అయినా కూతురికి పెట్టుకున్నవాళ్లు అరుదుగానే కనిపిస్తారు. అందరూ ఎరిగిన పేరు, ఎవరూ పెట్టని పేరు. అరుదైన పేర్లలో ఇంతకన్నా మంచి స్థితి లేదు, ఎందుకంటే పలకడం ఎవరికీ నేర్పక్కర్లేదు.

ఇక జారుడు సంగతి. ల వత్తు పోతే మొల్ల 'మొల' అవుతుంది. మొల అంటే నడుము కిందిభాగం, మొలతాడు కట్టేచోటు. బహువచనంలో అంటే జబ్బు పేరు. తెలుగులో నోటితో పిలిచినంతకాలం ఈ ప్రమాదం లేదు. మనకు వత్తు స్పష్టంగా వినిపిస్తుంది. చిక్కంతా ఇంగ్లీషు అక్షరాల్లో. ఎల్ ఒకటే పడిందంటే హాజరుపట్టీ చదివే టీచరు తెలిసి తెలిసి తప్పు పలకాల్సిన పరిస్థితి, పక్క బెంచీవాళ్లు దాన్ని పట్టుకోవడానికి ఒక్కరోజు చాలు. కాబట్టి ఎమ్, ఓ, ఎల్, ఎల్, ఏ. రెండో ఎల్ విషయంలో రాజీ ఉండకూడదు.

రెండు ఎల్‌లూ ఉన్నా తెలుగు నేల దాటితే ఇంకో మెలిక ఉంది. హిందీలో హ్రస్వ 'ఒ' లేదు, చివరి ఏ ను 'ఆ' అని చదువుతారు. దాంతో ఇది మోల్లా, ఒక్కోసారి ముల్లా అవుతుంది. బెంగాల్ వైపు మొల్లా అన్నది ముస్లిం కుటుంబాల్లో ఇంటిపేరు. అక్కడి ఆఫీసుల్లో పేరు గడిలో ఉన్నదాన్ని ఇంటిపేరు గడిలోకి మార్చేసే అవకాశం ఉంది. అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఆ అమ్మాయి "ఇది పువ్వు పేరు, ఇదే నా పేరు" అని కొత్తచోట ప్రతిసారీ చెప్పుకోవాలి.

కొందరు దీన్ని మొల్లిక అని సాగదీయాలనుకుంటారు. వద్దు. వినేవాళ్లకు అది మల్లికకు అచ్చుతప్పులా ఉంటుంది. అదే అర్థం సంస్కృతంలో కావాలని 'కుంద' అని పెడదామన్నా తెలుగు చెవికి అది కుందడాన్ని, అంటే దుఃఖపడడాన్ని గుర్తుచేస్తుంది. మొల్ల మొల్లగానే ఉండాలి.

నాగనిక

శాతవాహన రాణి, మొదటి శాతకర్ణి భార్య. మహారాష్ట్రలో జున్నర్ దగ్గర, పడమటి కనుమల దారిలో నానేఘాట్ గుహ ఉంది. అందులో బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్న పెద్ద శాసనం ఈమెకు సంబంధించినదే. అశ్వమేధంతో సహా చేసిన యాగాలు, దక్షిణగా ఇచ్చిన గోవులు, గుర్రాలు, కార్షాపణాలు (ఆనాటి నాణేలు) అన్నీ లెక్కతో చెక్కించారు. ఆ లెక్కల్లోని అంకెల గుర్తులు భారతీయ అంకెల చరిత్రలో చాలా పాతవి కాబట్టి గణిత చరిత్ర రాసేవాళ్లు కూడా ఈ శాసనాన్ని వదలరు. క్రీస్తుకు పూర్వం నాటి ఒక రాణి పేరు పుక్కిటి కథలో కాక రాతి మీద నిలవడం, అది మనం పెట్టుకోగలిగినంత తేలిగ్గా ఉండడం అరుదైన సంగతి.

పేరు 'నాగ' శబ్దం నుంచి వచ్చిన ప్రాకృత రూపం. తెలుగు పుస్తకాల్లో నాగనిక, నాగానిక రెండూ కనిపిస్తాయి. ఆ గుహలోనే ఒకప్పుడు రాజకుటుంబం శిల్పాలు ఉండేవి. వాటిపైన చెక్కిన పేర్లలో రాణి పేరు 'నాయనిక' అని ఉంది. ప్రాకృతంలో గ మెత్తబడి య కావడం మామూలే. ఈ కాలంలో నయనిక అని పెట్టుకుంటున్న పేరు వేరు, అది కన్నుకు సంబంధించిన సంస్కృత శబ్దం. రెండింటినీ కలిపి "నయనిక అంటే శాతవాహన రాణి" అని చెప్పడం సరికాదు.

తెలుగు ఇళ్లలో ఈ పేరుకున్న పెద్ద బలం మొదటి రెండక్షరాలు. నాగమణి, నాగలక్ష్మి, నాగేశ్వరి తరతరాలుగా ఉన్నవే. కొత్త పేరైనా అమ్మమ్మలకు కొత్తగా తోచదు. సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నవాళ్లు 'నాగ' తో మొదలయ్యే పేరు పెడతారు. నాగ దుర్గ, నాగ ప్రియ లాంటి జోడింపులతో విసిగినవాళ్లకు ఈ ఒక్క మాట ఆ మొక్కునూ తీరుస్తుంది. రాయడం చూడండి: నా, గ, ని, క. ఒక్క వత్తు లేదు, సంయుక్తాక్షరం లేదు. గుణింతం వచ్చిన రోజే పిల్ల తన పేరు తాను రాసుకుంటుంది.

దీనికీ ఒక గుంత ఉంది, అది హిందీ ఉచ్చారణలో ఉంది. మాట నడుమ వచ్చే హ్రస్వ అకారాన్ని హిందీవాళ్లు మింగేస్తారు. నాగనిక వాళ్ల నోట 'నాగ్నికా' అవుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పలుకుబడినే ఎవరైనా ఇంగ్లీషులో రాసి, జి తర్వాతి ఏ ను వదిలేస్తే అది 'నగ్నిక' అని చదవడానికి వీలవుతుంది. నగ్నిక అంటే సంస్కృతంలో బట్టలు లేనిది. మొల్లకు రెండో ఎల్ ఎంతో, దీనికి జి తర్వాతి ఏ అంత.

'నా' దీర్ఘం తెలియాలని ఎన్ తర్వాత రెండు ఏలు రాయాలా? అక్కర్లేదు. దీర్ఘం పోయినా పేరు చెడదు. జంట అచ్చులు ఉన్న పేర్లు మాత్రం ఒక కాగితంలో రెండుగా, ఇంకో కాగితంలో ఒకటిగా పడి తర్వాత తిప్పలు పెడతాయి.

లోపాముద్ర

అగస్త్యుడి భార్య. ఋగ్వేదం మొదటి మండలం 179వ సూక్తం ఈ ఇద్దరి సంభాషణే; భర్తతో తన మనసులో మాట నేరుగా చెప్పే స్త్రీ గొంతు అందులో వినిపిస్తుంది. మహాభారతం అరణ్యపర్వంలో ఈమె కథ వేరే. అగస్త్యుడు వేర్వేరు ప్రాణుల్లోని మేలైన అంగాలను తలచి ఈమెను సృష్టించాడు, విదర్భ రాజు ఇంట పెరిగింది. సంసారానికి తగిన సంపద తెమ్మని ఈమె అడిగితేనే అగస్త్యుడు బయల్దేరి చివరికి ఇల్వలుడి ఇంటికి చేరాడు. పసిపిల్లలకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ మనం చెప్పే "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" వెనక ఉన్న కథ అదే. లలితాసహస్రనామంలో 'లోపాముద్రార్చిత' అని అమ్మవారికి ఓ నామం ఉంది కాబట్టి పారాయణ చేసే ఇళ్లలో ఈ పేరు రోజూ పలికేదే.

ప్రాణుల ముద్రలు, అంటే వాటి ప్రత్యేక లక్షణాలు, ఈమె ముందు లోపించాయి కాబట్టి లోపాముద్ర అని సంప్రదాయం చెప్పే అర్థం. గొప్ప అర్థమే. చిక్కేమిటంటే తెలుగులో 'లోపం' రోజువారీ మాట. పూర్తి పేరు పిలిచినప్పుడు తోచదు, కురచ చేసినప్పుడే తోస్తుంది. నాలుగక్షరాల పేరును ఏ ఇంట్లోనూ పూర్తిగా పిలవరు. మొదటి రెండక్షరాలు పట్టుకుంటే 'లోపా', అది పనికిరాదు. ఈ పేరు పెట్టేవాళ్లు బారసాల నాడే ముద్దుపేరు 'ముద్ర' అని ఖాయం చేసి, ఇంట్లో అందరిచేతా అలాగే పిలిపించాలి. ర పలకలేని వయసులో పిల్ల తనను తాను 'ముద్ద' అనుకుంటుంది, అది ఇంకా ముద్దుగానే ఉంటుంది.

ఇంగ్లీషు రాతలో మాత్రం మూడింట్లోనూ ఇదే గట్టిది. నడుమ ఉన్న 'పా' దీర్ఘం కనక హిందీవాళ్లు మింగలేరు, జంట అక్షరాలు లేవు, ఇంకో మాటగా చదవడానికి వీల్లేదు. బెంగాల్లో ఇది బాగా వాడుకలో ఉన్న పేరు, అక్కడ అరుదు అనిపించదు. ఆ వైపు స్థిరపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అడుగుతూ ఉండే మరో రెండు

అపాల: ఋగ్వేదం ఎనిమిదో మండలంలో కనిపించే స్త్రీ, అత్రి మహర్షి కూతురని సంప్రదాయం. చర్మవ్యాధితో ఉన్న ఆమెను ఇంద్రుడు రథం, బండి, కాడి రంధ్రాల్లోంచి లాగి బాగుచేశాడని కథ. పేర్ల జాబితాల్లో దీనికి 'అందగత్తె' అని అర్థం రాస్తుంటారు. పదం విడదీస్తే వచ్చేది 'పాలకుడు, రక్షకుడు లేనిది' అని. అర్థం పట్టింపు ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి.

మాండవి: భరతుడి భార్య, కుశధ్వజుడి కూతురు. ఊర్మిళ వాడుకలోకి వచ్చింది, ఈమె పేరు రాలేదు. ఇంగ్లీషులో ద, డ రెండింటికీ ఒకటే అక్షరం కావడంతో 'మందవి' అని చదివేస్తారు. అంతకుమించి దోషం లేదు.

ఎంత అరుదో ఎలా తెలుస్తుంది?

అమెరికాలో ప్రభుత్వమే ఏటా పిల్లల పేర్ల జాబితా విడుదల చేస్తుంది. ఏడాదిలో కనీసం ఐదుగురికి పెట్టిన పేర్లన్నీ అందులో ఉంటాయి. మన దేశంలో అలాంటి అధికారిక వరస లేదు. "ఈ ఏడాది టాప్ పేర్లు" అని వచ్చేవి ఎక్కువగా వెబ్‌సైట్లలో జనం వెతికిన లెక్కలే, పెట్టిన లెక్కలు కావు. ఓటర్ల జాబితా చూస్తే పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లే ఉంటారు, అది పాత తరం వాడుకను చెబుతుంది. ఇప్పటి సంగతి తెలియాలంటే దగ్గర్లోని బడిలో ఎల్‌కేజీ, ఒకటో తరగతి పిల్లల పేర్లు కనుక్కోవడమే మేలు. శబ్దంలో దగ్గరగా ఉన్నవీ చూడాలి. నాగనిక ఒక్కరే ఉన్నా, అదే తరగతిలో నయనిక, నాయిక, నిహారిక ఉంటే పిలుపులో కలిసిపోతుంది. మొల్లకు ఆ బెడద లేదు.

నక్షత్రం అక్షరం చూసేవాళ్లకు: మొల్ల పుబ్బ మొదటి పాదానికి సరిపోతుంది ('మో' అక్షరానికి హ్రస్వ 'మొ' నీ తీసుకుంటారు). నాగనిక అనూరాధ మొదటి పాదం, లోపాముద్ర భరణి నాలుగో పాదం, అపాల కృత్తిక మొదటి పాదం, మాండవి మఖ మొదటి పాదం.

ఏది ఎవరికి?

తెలుగు నేల మీదే చదువూ బతుకూ అనుకునే ఇంటికి మొల్లను మించింది లేదు. రెండక్షరాలు, సొంత భాష, ఒక కవయిత్రి. పిల్ల ఏ రాష్ట్రానికి వెళ్తుందో తెలియని ఇంటికి నాగనిక. మూడింట్లో ఒక్కటే చెప్పమంటే నాగనికే, ఎందుకంటే దాని జారుడు కాగితం మీద ఉన్నది, ఒక్కసారి జాగ్రత్తపడితే తీరిపోతుంది. మొల్ల విషయంలో కొత్తవాళ్ల నోరు ఎదురైనప్పుడల్లా జాగ్రత్త పడాలి. లోపాముద్ర, ముద్దుపేరు మీద ఇంటిల్లిపాదీ ఒక మాట మీద ఉండగలిగితేనే.

ఖాయం చేసేముందు ఓ వారం రోజులు పరీక్షించండి. వంటింట్లోంచి వీధి గుమ్మానికి వినపడేలా పదిసార్లు పిలవండి. ఇంగ్లీషులో రాసి, తెలుగు రానివాళ్లచేత చదివించండి. ఫోన్‌లో చెప్పి, అవతలివాళ్లను రాసుకోమని, రాసుకున్నది అక్షరం అక్షరం తిరిగి చెప్పమనండి. మూడో పరీక్షలోనే ఎక్కువ పేర్లు తడబడతాయి.

తొందర కూడా అక్కర్లేదు. జననం నమోదుకు గడువు 21 రోజులు, పేరుకు కాదు. 1969 జనన మరణాల నమోదు చట్టం కింద పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది. చేర్చిన పేరును మార్చడం మాత్రం అంత సులువు కాదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరికకు, పాస్‌పోర్టుకు, ఓటరు నమోదుకు పుట్టిన తేదీ రుజువు ఈ జనన ధ్రువపత్రమే. ఆధార్‌లో పేరు సవరణకు జీవితకాలంలో రెండు అవకాశాలే ఇస్తారు. కాబట్టి పేరు నోటితో చెప్పకుండా పెద్దక్షరాల్లో కాగితం మీద రాసి ఇవ్వండి. ధ్రువపత్రం చేతికొచ్చాక కిటికీ దగ్గరే నిలబడి తెలుగు గడి, ఇంగ్లీషు గడి రెండూ చదవండి: మొల్ల అయితే రెండు ఎల్‌లు, నాగనిక అయితే జి తర్వాత ఏ.