కుర్చీ కంటే ముందు బల్ల ఎత్తు చూసుకోవాలి

తిరుపతిలో ఇంటి వద్దనే పుస్తకాల డీటీపీ పని చేసే నేను మెష్ కుర్చీని (గాలి ఆడే వల గుడ్డతో చేసినది), నంబర్ ప్యాడ్ లేని మెకానికల్ కీబోర్డును, కీబోర్డు పెట్టుకోవడానికి బల్ల కింద బిగించిన లాగుడు పలకను కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. వీటిలో నా మెడకు, మణికట్లకు ఎక్కువ మేలు చేసింది అన్నింటికంటే తక్కువ ఖర్చుతో వచ్చిన ఆ పలకే.

దుకాణాల్లో దొరికే బల్లలు సాధారణంగా 30 అంగుళాల ఎత్తుంటాయి. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే మోచేయి నేల నుంచి 25 అంగుళాల దగ్గర ఉంటుంది. కాబట్టి కుర్చీ ఎంత ఖరీదైనదైనా, కీబోర్డు బల్ల మీద ఉన్నంతకాలం భుజాలు చెవుల వైపు ఎగబాకుతూనే ఉంటాయి. కుర్చీని పెంచితే కాళ్లు వేలాడతాయి. అందుకే వడ్రంగి చేత బల్ల సొరుగు తీయించి, ఆ చోట ఐదున్నర అంగుళాలు కిందికి ఉండేలా పలక వేయించి, కుర్చీని ఒక అంగుళం పెంచి, పాదాల కింద అంతే మందం గల చెక్క పెట్టుకున్నాను.

భారతీయ భాషలకు ప్రామాణికమైన కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేసేవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది. అందులో గుణింతాలు ఎడమ చేతికి, హల్లుల్లో అధిక భాగం కుడి చేతికి వస్తాయి. పొల్లు డి కీ మీద ఉంటుంది. ‘స్త్రీ’ అని కొట్టడానికి ఆరు కీలు నొక్కాలి, అందులో రెండుసార్లు పొల్లే. ఖ, ఘ, ధ, భ వంటి వాటికి చిటికెన వేలు షిఫ్ట్ వరకు సాగాలి. మణికట్టు పైకి వంగి ఉండగా ఇదంతా చేస్తే సాయంత్రానికి ముంజేయి లాగేస్తుంది. మెకానికల్ కీబోర్డు అసలే ఎత్తు కనుక దాని వెనుక కాళ్లను మడిచే ఉంచుతాను.

నంబర్ ప్యాడ్ లేనందున మౌస్ దగ్గరికొచ్చి కుడి భుజం తేలికపడింది; పద్దులు, పట్టికలు కొట్టేవారికి మాత్రం ఈ కీబోర్డు పనికిరాదు.

మే నెలలో కరెంటు పోయినప్పుడు మెష్ విలువ తెలుస్తుంది, రెగ్జిన్ అయితే వీపుకు అతుక్కుపోతుంది. అయితే కుర్చీ ఎత్తును పెంచి తగ్గించే గ్యాస్ లిఫ్టు క్రమంగా పట్టు తప్పి, కూర్చున్న కొద్దిసేపటికే కుర్చీ దిగిపోసాగింది. ఆ లిఫ్టు సిలిండరు ఒక్కటే మార్పిస్తే సరిపోయింది. నున్నటి టైల్స్ మీద నైలాన్ చక్రాలు జారుతున్నందున రబ్బరువి వేయించాను.

పలక ముందుకూ వెనక్కూ జారే చానెళ్లలో దుమ్ము చేరి బిగుసుకుంటుంది. తుడిచి మెషిన్ ఆయిల్ వేయాలి. చేతికందిందని కొబ్బరినూనె పోస్తే జిగటకట్టి ఇంకా మొరాయిస్తుంది.