తాళాలు తీసుకున్నాక పూచీ ఎవరిది? ఒక రెస్టారెంటు వాలే పార్కింగ్ గురించి

హైదరాబాద్‌లోని ఈ రెస్టారెంటుకు గత నెలలో కుటుంబంతో వెళ్లాను. వంటకు వంక పెట్టలేను. గుత్తి వంకాయ కూర, ఉలవచారు రెండూ రుచిగా ఉన్నాయి, వడ్డనలోనూ మర్యాద ఉంది. నేను రాయదలచుకున్నది వాకిట్లో కారు తాళాలు తీసుకుని, సిబ్బందే కారు నిలిపి మళ్లీ తెచ్చిచ్చే వాలే పార్కింగ్ గురించి.

భోజనం ముగించి బయటకు వచ్చేసరికి మా కారు ఎడమవైపు వెనుక తలుపు మీద జానెడు పొడవున గీత పడి, దానిలో సెల్లారు స్తంభపు పసుపు రంగు అంటుకుని ఉంది. కారు తెచ్చిన కుర్రాడు ఏమీ దాచలేదు. వెనక్కి తీస్తుండగా స్తంభానికి రాసుకుందని తానే చెప్పాడు. మేనేజరు మాత్రం తాళాలు తీసుకున్నప్పుడు మాకిచ్చిన టోకెన్ తిప్పి, ‘వాహనం యజమాని పూచీపైనే’ అన్న అచ్చు వాక్యం చూపించారు. జాగ్రత్తగా నడపమని ముందే చెప్పామని, కావాలంటే కుర్రాడి జీతంలో కోసి ఇస్తామని అన్నారు. ఆ చివరి మాటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

పనివాడు తన పనిలో భాగంగా చేసిన తప్పు వల్ల ఇతరులకు నష్టం కలిగితే, యజమాని స్వయంగా ఏ తప్పూ చేయకపోయినా పరిహారానికి బాధ్యుడవుతాడు. అపకృత్యాల న్యాయంలో, అంటే ఒకరి తప్పు వల్ల మరొకరికి కలిగిన నష్టానికి పరిహారం ఇప్పించే చట్టంలో (టార్ట్స్), దీనినే పరోక్ష బాధ్యత అంటారు. కుర్రాడూ బాధ్యుడే, కాదనను; కానీ అతనిని పనిలో పెట్టుకుని, ఆ పని వల్ల లాభం పొందుతున్న సంస్థ అతని వెనుక దాక్కోవడానికి వీల్లేదు. ముందే చెప్పామన్న వాదన కూడా నిలవదు. 1862లో లండన్‌లో ఒక గుర్రపు బస్సు డ్రైవరు పోటీ కంపెనీ బస్సుకు అడ్డం తిప్పి దానిని దెబ్బతీశాడు. అలా చేయవద్దని కంపెనీ అచ్చు కార్డు ఇచ్చి ఉన్నా, బస్సు నడపడమే అతని పని కాబట్టి కంపెనీ తప్పించుకోలేకపోయింది. దీనికీ ఒక హద్దు ఉంది. పరిచయం మీద, రసీదు లేకుండా ఒక బ్యాంకు ఉద్యోగి చేతికిచ్చిన సొమ్మును అతను కాజేసినప్పుడు, అది అతని ఉద్యోగ విధి కాదు కాబట్టి బ్యాంకుకు బాధ్యత లేదని 1978లో మన సుప్రీంకోర్టు చెప్పింది. మా కారు నడిపిన కుర్రాడు చేసింది అచ్చంగా అతనికి అప్పగించిన పనే.

ఇక టోకెన్ సంగతి. ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌లో 1998లో వాలేకు ఇచ్చిన కారు దొంగతనానికి గురైంది. తన అజాగ్రత్తకు, తన సిబ్బంది అజాగ్రత్తకు కలిగే బాధ్యతను అచ్చు షరతుతో హోటల్ వదిలించుకోలేదని 2019 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పగించిన వస్తువును, సాధారణ వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకునేంత జాగ్రత్తగా చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను ముందునుంచీ చెబుతూనే ఉంది.

ఈ విషయాలన్నీ రాసి ఫిర్యాదు ఇచ్చాక, ఎనిమిదో రోజున రంగు వేయించిన ఖర్చు రూ. 6,400 ఇచ్చారు. కుర్రాడి జీతం ముట్టుకోబోమని నోటిమాటగా అన్నారే తప్ప కాగితం మీద రాసివ్వలేదు. వంటకు నాలుగు నక్షత్రాలు, పార్కింగ్‌కు రెండు ఇస్తున్నాను. మొన్న వెళ్లినప్పుడు కూడా టోకెన్ వెనుక ఆ వాక్యం అలాగే ఉంది.