సైన్స్ కెఫేనా, పౌర సదస్సా?

పరిశోధకులతో జనం నేరుగా మాట్లాడే పద్ధతుల్లో ఈ రెండింటికీ మంచి పేరుంది. పని మాత్రం వేరు.

సైన్స్ కెఫే 1998లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మొదలైంది. టీవీ నిర్మాత డంకన్ డల్లాస్ దానికి ఆద్యుడు. కాఫీ తాగుతూ తత్వశాస్త్రం చర్చించుకునే ఫ్రాన్స్ కెఫేల స్ఫూర్తితో వచ్చిన ఆలోచన. శాస్త్రవేత్త కాసేపు మాట్లాడతారు, మధ్యలో చిన్న విరామం, ఆ తర్వాతంతా ప్రశ్నలే. నన్నడిగితే ఆ విరామమే అసలు కిటుకు: పక్కవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాక, చెయ్యెత్తాలంటే టెన్షన్ పడేవాళ్లూ నోరు విప్పుతారు. ఖర్చు తక్కువ, తీర్మానం అక్కర్లేదు. కానీ వచ్చేది ఎక్కువగా ముందే ఆసక్తి ఉన్నవాళ్లే.

పౌర సదస్సు అలా కాదు. డెన్మార్క్ టెక్నాలజీ బోర్డు 1987లో జన్యు సాంకేతికతపై మొదటిది నడిపింది. అక్కడ సుమారు 15 మంది మామూలు పౌరులు ముందు రెండు వారాంతాలు కూర్చుని విషయం చదువుకుంటారు. ఏం అడగాలో, ఏ నిపుణులను పిలవాలో తేల్చడంలోనూ వాళ్ల మాట ఉంటుంది. తర్వాత అందరి ముందూ నిపుణులను ప్రశ్నించి, నివేదిక తామే రాస్తారు. అంటే పరిశోధకుడు ఇక్కడ వక్త కాదు, దాదాపు సాక్షి. ఆ 1987 సదస్సు తర్వాత డెన్మార్క్ పార్లమెంటు జంతువుల జన్యు మార్పిడి ప్రాజెక్టులను తన పరిశోధన నిధుల నుంచి పక్కన పెట్టింది. డబ్బూ, నెలల తరబడి ఏర్పాట్లూ కావాలి మరి.

కృత్రిమ మేధ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే కెఫే చాలు. దాన్ని పోలీసులు వాడొచ్చా అని తేల్చాలంటే మాత్రం నా ఓటు సదస్సుకే.