సింహేంద్రమధ్యమం: ‘సి’ నుంచా, ‘ఎ’ నుంచా?

ఫిడేలుకు పేరుపడ్డ మా విజయనగరంలో, 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న ఊళ్లో, పియానోపై సింహేంద్రమధ్యమ రాగం నేర్చుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది షడ్జమం (స) ‘సి’, ‘ఎ’ మెట్లలో దేనిపై అన్నదే. ఈ 57వ మేళకర్తకు (జనక రాగానికి) పాశ్చాత్యుల పేరు హంగేరియన్ మైనర్. ‘ఎ’ నుంచి వాయిస్తే మధ్యమం (మ), నిషాదం (ని) మాత్రమే నల్లమెట్లపై పడతాయి, చేతికి సులువు. ‘సి’ నుంచి గాంధారం (గ), మధ్యమం, ధైవతం (ద) మూడూ నల్లమెట్లే. అయినా నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే తెల్లమెట్టుపై ఉండే పంచమానికి (ప) అటూ ఇటూ ఆనుకుని నిలిచే ప్రతిమధ్యమ, శుద్ధధైవతాలు (ఈ రాగంలోని మ, ద) రాగస్వరూపాన్ని కంటికే చూపిస్తాయి. రెండింటిలోనూ కుడిచేతి నాలుగో వేలు మధ్యమంపై ఉండగానే బొటనవేలిని కిందుగా జరిపి పంచమాన్ని అందుకోవాలి. గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) మాత్రం ఏ మెట్టుపైనా పలకదు కనుక, దాన్ని ఫిడేలుపై వింటూ సాధన చేయడం అవసరం.