మూడు లక్షల రైఫిల్, ఎనిమిది వందల గ్రాముల తేడా

ముందే చెప్పేస్తాను, ఇది వైజాగ్‌లో కొనుక్కునే వస్తువు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం, కంబాలకొండ వైపు తుపాకీతో కనిపిస్తే ఫారెస్టు వాళ్ళు లోపలేస్తారు, వేయాలి కూడా. కానీ మా ఎంవీపీ కాలనీలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు, వాళ్ళలో కొందరికి అక్కడి సరదాలు అంటుకున్నాయి. మా బావమరిది డెన్వర్‌లో ఉంటాడు, సిటిజన్ కూడా అయిపోయాడు, మూడేళ్ళుగా అక్టోబర్ వస్తే చాలు ఎల్క్ వేట అని కొండలు పట్టుకుని పోతున్నాడు. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్న అనుకోండి. వాడు ఖరీదైన తేలిక రైఫిల్ ఒకటి కొన్నాడు, పోయినేడు మేం వెళ్ళినప్పుడు దానితో నేనూ పది రోజులు గడిపాను. ఇప్పుడు అట్లాంటాలో ఉన్న వాడి ఫ్రెండు "బావగారూ, నన్నూ కొనమంటారా" అని వాట్సాప్‌లో రోజూ అడుగుతున్నాడు. ఒకసారి మొత్తం రాసేస్తే నాకు ఆ గొడవ తప్పుతుంది.

నన్నెందుకు అడుగుతున్నాడంటే, కొన్నవాడు నిజం చెప్పడు కాబట్టి. మూడు లక్షలు పెట్టినవాడు దాన్ని బాగాలేదు అనగలడా! నా అర్హతల్లా ఏయూలో చదివేటప్పుడు ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్ పేల్చడం, డబ్బు నాది కాకపోవడం.

టూరిస్టు వీసా మీద వెళ్ళే మనలాంటి వాళ్ళకి ఒక మాట. అక్కడ బావమరిది ఇచ్చాడు కదా అని తుపాకీ పట్టుకోకూడదు, ఆ వీసా మీద ఉన్నవాళ్ళ చేతిలో తుపాకీ ఉండటం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కొలరాడోలో 1949 జనవరి 1 నాడుగానీ ఆ తర్వాతగానీ పుట్టిన వాళ్ళు వేట లైసెన్స్ తీసుకోవాలంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. యాభై రెండేళ్ళ వయసులో పరీక్ష రాసి, చిన్న జంతువుల లైసెన్స్ ఒకటి తీసుకుని, అప్పుడు ముట్టుకున్నాను. మా ఆవిడ నా సర్టిఫికెట్‌ని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది, ఆ కామెంట్లు ఇక్కడ వద్దులెండి.

ఇక వస్తువు సంగతి. కంపెనీ పేరు చెప్పను, నాకు ఎదురైన తలనొప్పి ఆ ఒక్క పీసుదే కావచ్చు. టైటానియం యాక్షన్ (తూటాని పేల్చే యంత్రభాగం), కార్బన్ ఫైబర్ మడమ (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం), మెలికల గాడులు తీసిన బోల్టు (తూటా ఎక్కించడానికి లాగి తోసే కడ్డీ), సన్నటి స్టీలు బ్యారెల్ (గొట్టం). ఖాళీ రైఫిల్ 2.3 కిలోలు. ధర 3,400 డాలర్లు, అంటే మన లెక్కలో మూడు లక్షల దగ్గర, గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, వేరే. చేతిలోకి తీసుకున్న మొదటి క్షణం మాత్రం ఎవరికైనా నవ్వొస్తుంది, లోపల ఏమైనా పెట్టడం మర్చిపోయారా అన్నట్టు ఉంటుంది. మడమ మీద వేలితో కొడితే ఖాళీ డబ్బాలా డబడబమంటుంది. బోల్టు మాత్రం వెన్నలో కత్తిలా జారుతుంది, పొద్దున్నే మంచులో గ్లవ్స్ వేసుకుని లాగినా ఎక్కడా పట్టుకోలేదు. కార్బన్ మడమకి ఇంకో సుఖం, ఆ చలిలో చెంప ఆనిస్తే ఇనుములా చురుక్కుమనదు.

షాపుల్లో అమ్మేవాళ్ళు కార్బన్ చుట్టిన బ్యారెల్ చూపించి ఇదే అన్నిటికన్నా తేలిక అంటారట. అది సగం నిజం. అదే మందం ఉన్న స్టీలు బ్యారెల్‌తో పోలిస్తే తేలికే, కానీ పెన్సిల్‌లా సన్నగా తీసిన స్టీలు బ్యారెల్ చాలాసార్లు దానికన్నా తక్కువ తూగుతుంది. సన్నదానికి ఉన్న జబ్బు వేరే: తొందరగా వేడెక్కుతుంది, వేడెక్కాక తూటాలు పక్కదారి పడతాయి.

అది షూటింగ్ రేంజ్‌లో కళ్ళారా చూశాం. కంపెనీ వాళ్ళ హామీ వంద గజాల్లో మూడు తూటాలు ఒక ఎంఓఏ లోపల పడతాయని, అంటే మూడు చిల్లులూ దాదాపు మూడు సెంటీమీటర్ల వలయంలో ఉండాలి. మొదటి మూడూ పడ్డాయి, పాత రూపాయి బిళ్ళతో మూసేయొచ్చు. నాలుగోది పైకి పోయింది, ఐదోది ఇంకా పైకి. పది నిమిషాలు ఆరబెట్టి మళ్ళీ కొడితే మళ్ళీ మూడు మంచివి. హామీ మూడు తూటాలకే ఎందుకు ఇచ్చారో అప్పుడు అర్థమైంది. దాన్ని నేను తప్పు పట్టను, వేటలో ఒకటో రెండో తూటాలకి మించి ఎవడికీ అవకాశం రాదు.

తప్పు పట్టాల్సింది రెండో రోజు జరిగింది. చిల్లులు ఒక్కసారిగా అరచేయంత వెడల్పున చెదిరిపోయాయి. మా బావమరిదేమో నా భుజం, నా ఊపిరి అని తనని తాను తిట్టుకుంటున్నాడు, నేను ఊరికే మడమ పట్టుకుని బ్యారెల్‌ని అటూ ఇటూ కదిపి చూస్తే సన్నగా టిక్కుమంది. కింద యాక్షన్‌ని మడమకి బిగించే స్క్రూ రెండు వేళ్ళతో తిరిగేంత వదులైపోయింది, పేల్చింది పాతిక తూటాలే! అల్లెన్ కీతో తిప్పితే దాదాపు ఒక చుట్టు లోపలికి పోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, టార్క్ రెంచితో ఎంత బిగించాలో చెప్పారు, స్క్రూకి వదులవ్వకుండా పట్టే లాక్‌టైట్ జిగురు రాయమన్నారు. మూడు లక్షల వస్తువుకి ఆ పని ఫ్యాక్టరీలోనే చేసి పంపాలి కదా, మా గాజువాకలో గేట్లు చేసే వెల్డరు కూడా అప్పగించే ముందు నట్లు ఒకసారి బిగించి చూస్తాడు.

స్క్రూ వదులవ్వడానికి అసలు కారణం పేల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్ను. తూటా అదే, మందు అదే అయితే, రైఫిల్ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది. 8 పౌండ్ల రైఫిల్‌ని 6 పౌండ్లకి దించితే భుజానికి తగిలే శక్తి మూడో వంతు పెరుగుతుంది, ఏ కంపెనీ తయారు చేసినా ఈ లెక్క మారదు. మా వాడు ఇంత తేలిక దాన్ని కొని, పైగా 300 విన్‌మ్యాగ్ అనే పెద్ద తూటాకి తీసుకున్నాడు. కొలరాడోలో ఎల్క్‌కి 6 మిల్లీమీటర్ల తూటా నుంచీ చట్టం ఒప్పుకుంటుంది, 6.5 క్రీడ్‌మోర్ అనే చిన్న తూటా హాయిగా సరిపోయేది. నేను ఆరు పేల్చేసరికి నా వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్ళకముందే కళ్ళు మూసుకుపోవడం మొదలెట్టాయి. తన్ను తగ్గడానికి బ్యారెల్ చివర మజిల్ బ్రేక్ అని, గ్యాసుని పక్కలకి మళ్ళించే తొడుగు పెట్టుకోవచ్చు, తగ్గుతుంది కూడా, కానీ ఆ చప్పుడికి పక్క బెంచీలో ఉన్న పెద్దాయన సామాను సర్దుకుని ఇంకో మూలకి వెళ్ళిపోయాడు.

కొండ మీద మాత్రం కథ వేరు. మన ఏజెన్సీలో అరమ కొండ ఎత్తు 1,680 మీటర్లు, డెన్వర్ వీధులే దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, మేం తిరిగిన చోటు 3,000 దాటింది. సముద్రం ఒడ్డున పుట్టిన ఊపిరితిత్తులు అక్కడ పది అడుగులకోసారి ఆగమంటాయి. ఒంటి మీద మెరిసే నారింజ రంగుదో గులాబీ రంగుదో చొక్కా తప్పనిసరి, నారింజవి తొడుక్కుని ఇద్దరం మున్సిపాలిటీ వాళ్ళలా ఉన్నాం. నాలుగు రోజులు, చీలమండలు మునిగే మంచు. మూడో రోజు సాయంత్రం ఏటవాలు ఎక్కి పైకి తేలగానే, ఎదురు వాలులో దాదాపు 250 గజాల్లో కొమ్ములున్న మగది నిలబడి ఉంది. మా వాడు నిలబడే ఎత్తాడు, కూర్చునే టైమ్ లేదు. నేను బైనాక్యులర్స్‌లో దాని మూతి దగ్గర ఆవిరి చూస్తున్నాను, తూటా పేలట్లేదు. తిరిగి చూస్తే బ్యారెల్ చివర వాడి గుండెతోపాటే పైకీ కిందకీ కొట్టుకుంటోంది. "బావా, నిలవట్లేదు" అన్నాడు మెల్లగా. బరువైన రైఫిల్ ఆ వణుకుని కొంత మింగేస్తుంది, తేలికది ఉన్నదున్నట్టు చూపించేస్తుంది. ఆ జంతువు తాపీగా చెట్లలోకి వెళ్ళిపోయింది. పేల్చకపోవడం వాడు చేసిన మంచి పని. అంత దూరం మోసుకెళ్ళి ఒక్క తూటా కూడా కాల్చకుండా దిగాం.

అయితే మరి ఆ తేలిక వల్ల మోత సుఖమైనా దక్కిందా? స్కోపు, బెల్టు, తూటాలు అన్నీ కలిపి వాడి పాత రైఫిల్ 4 కిలోలు, కొత్తది 3.2. చూశారా, 2.3 అని కొన్నది ఎక్కడికొచ్చిందో! దాదాపు 700 గ్రాముల స్కోప్ పెట్టాడు, టైటానియంకి పెట్టిన డబ్బులో సగం ఆ స్కోప్ బరువు కిందే వృథా అయింది. మిగిలిన తేడా 800 గ్రాములు. ఇంటికొచ్చాక నాకు ఈ లెక్క వదల్లేదు, రెండు ఆదివారాలు సింహాచలం మెట్ల దారిలో పరీక్ష పెట్టుకున్నాను. అడవివరం తొలిపావంచా దగ్గర మొదలెట్టి పై దాకా, ఒక వారం సంచిలో 4 కిలోల బియ్యం, మరో వారం 3.2. భుజాన వేసుకుంటే, అప్పన్న సాక్షిగా, నాకు తేడా తెలియలేదు. కానీ అడవిలో రైఫిల్ ఎప్పుడూ భుజాన ఉండదు, జంతువు జాడ ఉన్నచోట రెండు చేతుల్లో అడ్డంగా పట్టుకుని నడుస్తారు. అలా పట్టుకుని ఎక్కితే మూడు వందల మెట్ల దగ్గర 4 కిలోల సంచి మోచేతుల్ని పీకేసింది, చిన్న సంచితో సగం దాటాక కూడా బాగానే ఉన్నాను. దర్శనానికి వచ్చినావిడ ఒకరు మొక్కా అని అడిగారు, అవునన్నాను.

కాబట్టి డబ్బు ఎవరికి గిట్టుబాటు అంటే, రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు నిటారుగా ఎక్కి దిగేవాడికి, అది కూడా ఏడాదికి రెండు వారాలైనా వెళ్ళేవాడికి, రేంజ్‌లో ఆ తేలిక దాన్ని నిలబెట్టడం నేర్చుకునే ఓపిక ఉన్నవాడికి. మా బావమరిది ఏడాదికి ఐదు రోజులు వెళ్తాడు. వాడి వరకు నా మార్కులు పదికి ఐదు. ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ లైట్ మూడు కిలోల లోపే ఉంటుంది, మేం చూసినప్పుడు వెయ్యి డాలర్ల లోపే వచ్చేది, మూడు తూటాలు ఒక ఎంఓఏ అనే హామీ దానికీ ఉంది. అక్కడి రేంజ్‌లో పక్కాయనది అడిగి చూశాను, బోల్టు ఇంచుమించు అంతే నునుపు, మడమ ప్లాస్టిక్కే, కాస్త చవకగా అనిపిస్తుంది, అంతే.

అట్లాంటా అబ్బాయీ, నువ్వు చెప్పినదాన్ని బట్టి కారు దిగి అర కిలోమీటరు నడిచి, చెట్టు మీద మంచెక్కి కూర్చుంటావు. నీకు ఈ రైఫిల్ ఎందుకు నాయనా? అయినా కొంటానంటే షాపులో ఖాళీది పట్టుకుని మురిసిపోకు, నువ్వు పెట్టబోయే స్కోప్‌తో తూకం వేయించు, మెట్లు నాలుగంతస్తులు ఎక్కి దిగి వెంటనే గోడ మీద ఒక చుక్కకి గురిపెట్టి చూడు, చిన్న తూటా రకమే తీసుకో, ఇంటికి తెచ్చిన రోజే స్క్రూలు బిగించుకో.