కయాక్‌తో ఫ్రీగా వచ్చే లైఫ్ జాకెట్ నమ్ముకుని వంశధారలోకి దిగకండి

వంశధారలోనో, నాగావళిలోనో, విజయనగరం వైపు చంపావతిలోనో సరదాగా తెడ్డు వేద్దామని గాలి కయాక్ (గాలి కొట్టి వాడే చిన్న తెడ్డు పడవ) కొనాలనుకునేవాళ్లు ఇది చదివాక డబ్బు కట్టండి. ముఖ్యంగా కయాక్, రెండు తెడ్లు, పంపు, రెండు లైఫ్ జాకెట్లు అన్నీ కలిపి ‘కాంబో’ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే.

సంక్రాంతి ముందు నేను అలాంటిదే 13,900 పెట్టి కొన్నాను. ఇద్దరు కూర్చోవచ్చు, 180 కేజీలు మోస్తుంది అని రాశారు. నేను 78, మా బావమరిది 84. లెక్క సరిపోయిందని సంబరపడ్డాం. మధ్యాహ్నం భోజనం, నీళ్ల డబ్బాలు, సంచీ కలిపితే ఎంతవుతుందో ఆ పూట తట్టలేదు.

పండగ అయిన వారం తర్వాత ఆదివారం పొద్దున్నే కళింగపట్నం వెళ్లాం. పోటు మీద మొగ (వంశధార సముద్రంలో కలిసే చోటు) నుంచి పైకి బాగానే సాగింది. ఇసుక దిబ్బ దగ్గర ఆగి, తెచ్చుకున్న ఉప్మా తిని, కబుర్లలో పడ్డాం. కయాక్ గంటన్నర ఎండలో ఉండిపోయింది. ఇందులో నా తప్పు ఉంది, ఒప్పుకుంటాను. ఎండకి లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. గట్టున పెట్టినప్పుడు కొంచెం గాలి వదిలి, మళ్లీ నీళ్లలోకి దిగేటప్పుడు కొట్టుకోవాలి. వాళ్లిచ్చిన కాగితంలో ఈ ముక్క ఎక్కడా లేదు.

తిరుగు ప్రయాణంలో కుడివైపు ట్యూబు అతుకు దగ్గర బుస్సుమని చప్పుడు. వేలితో తడిమితే జానెడు పొడవున అంటించిన పట్టీ లేచిపోయి ఉంది. ఆ అతుకు వేడితో కలిపింది కాదు, ఉత్త జిగురు. రెండు నిమిషాల్లో పడవ ఒక పక్కకి ఒరిగి మమ్మల్ని నీళ్లలో పడేసింది. అప్పటికే ఆటు మొదలైంది. నీళ్లు మొగ వైపే లాగుతున్నాయి. ఇంకో అర కిలోమీటరు పోతే సముద్రమే.

ఇంతవరకూ అయితే ఈ పోస్టు రాసేవాణ్ని కాదు. చౌక పడవ చిరిగింది, పోనీ అనుకునేవాణ్ని. లైఫ్ జాకెట్ సంగతి మాత్రం వదిలేది కాదు. మా వాడికి ఈత అంతంత మాత్రం. నీళ్లలో పడగానే జాకెట్ చెవుల దాకా పైకి వచ్చేసింది, మనిషి మాత్రం కిందే ఉన్నాడు. బకిల్ ఒకటి నా చేతిలోకి ఊడొచ్చింది. చిన్న పడవలో వల తీసుకుంటున్న ఒక పెద్దాయన గబగబా వచ్చి మా వాణ్ని చొక్కా పట్టి పైకి లాగాడు. గట్టుకి చేరాక ఆ జాకెట్‌ని పిండుతూ, “ఏటి బావూ, ఇది తేలుస్తాదా ముంచుతాదా?” అన్నాడు. నిజంగానే పిండితే నీళ్లు కారాయి.

ఇంటికొచ్చి బ్లేడుతో కోసి చూశాను. లోపల టీవీ పెట్టెల్లో వచ్చే తెల్లటి ప్యాకింగ్ షీటు, మడతలు పెట్టి కుట్టేశారు. కొన్నిచోట్ల స్పాంజి ముక్కలు. పైన మాత్రం ‘50 ఎన్’ అని పెద్దగా ముద్ర. 50 న్యూటన్లంటే నీళ్లలో సుమారు 5 కేజీల బరువుని పైకి నెట్టగలగాలి. ఈత వచ్చినవాళ్లకి, గట్టు దగ్గర ఆడుకోవడానికి అది సరిపోతుంది. స్పృహ తప్పిన మనిషి ముఖం పైకి తిప్పే శక్తి దానికి ఉండదు.

రెండో జాకెట్‌ని కొయ్యకుండా పరీక్షించాను. మీరూ చెయ్యొచ్చు. రాత్రంతా నీళ్ల డ్రమ్ములో బరువు పెట్టి ముంచి ఉంచండి. పొద్దున కిరాణా కొట్టు నుంచి 5 కేజీల ఇనుప తూకం రాయి తెచ్చి, జాకెట్‌కి కట్టి నీళ్లలో వదలండి. ఇనుము కూడా నీళ్లలో కొంత తేలికవుతుంది కాబట్టి సరైన 50 న్యూటన్ల జాకెట్ అయితే సులువుగా తేలాలి. మాది 2 కేజీల రాయికే అడుక్కి పోయింది. కొనేటప్పుడు లేబుల్ మీద ఐఎస్ఓ 12402 (లైఫ్ జాకెట్ల అంతర్జాతీయ ప్రమాణం) అని, ఎంత బరువు మనిషికో, తయారీదారు ఎవరో ఉన్నాయా చూడండి. మాదాని మీద ‘ప్రీమియం క్వాలిటీ’ తప్ప ఇంకేమీ లేదు.

అమ్మినవాళ్లని అడిగితే మొదట ‘రిటర్న్ గడువు 7 రోజులే’ అన్నారు. తర్వాత ‘పంక్చర్ కస్టమర్ బాధ్యత’ అన్నారు. జాకెట్ గురించి గట్టిగా అడిగితే, ‘అది ఫ్రీ ఐటమ్ సార్’ అని 300 రూపాయల కూపన్ పంపారు! ఆ కూపన్ మా బావమరిదికి చూపించాను. తన ప్రాణం ఖరీదు తెలిసిందని రెండు రోజులు నవ్వాడు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. బిల్లు, కోసిన జాకెట్ ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. నారింజ రంగు జాకెట్లు, పసుపు కయాక్ ఉన్న ఇలాంటి సెట్ మీరూ కొని ఉంటే, ముందు జాకెట్‌ని డ్రమ్ములో ముంచి చూసి ఏమైందో చెప్పండి.